వడియాల పక్కన మా పాప

మా రెండేళ్ల పాపకి తరచూ జలుబూ దగ్గే. మొన్న రక్తపరీక్షలో విటమిన్ డి తక్కువని తేలింది. "అదీ ఒక కారణం కావచ్చు. ఈ డ్రాప్స్ వేస్తూ, రోజూ కాసేపు పొద్దుటెండ తగలనివ్వండి" అన్నారు చోడవరం డాక్టరుగారు.

ఇన్నాళ్లూ గాలి తగులుతుందని పాపకి మంకీ టోపీ తియ్యనివ్వని మా అత్తగారు ఆ మాటతో పార్టీ మార్చేశారు.

ఈ పొద్దున్న పాప కనపడక డాబా ఎక్కాను. పరిచిన పాత చీర మీద సగం నిన్నటి గుమ్మడి వడియాలు, మిగతా సగంలో చెడ్డీతో బోర్లా పడుకుని మా పాప. అత్తగారు వడియాలు ఒక్కొక్కటే తిప్పుకుంటూ వచ్చి, అదే ఊపులో పాపనీ వెల్లకిలా తిప్పేశారు. అది కిలకిలా నవ్వింది.

"ఇదేటత్తా?"

"ఒక్కేపే ఎండితే సరిపోద్దేటి? రెండో ఏపు ఎండొద్దా?"

పక్క డాబా మీంచి బట్టలారేస్తున్న పిన్నిగారు కేకేశారు. "వదినా, ఈ యేడు వడియాలు మరీ పెద్దవెట్టీసేరేటి!"

నవ్వీ నవ్వీ నాకు దగ్గొచ్చేసింది. అత్తగారు నాకేసి అనుమానంగా చూసి, వడియాలు పక్కకి జరిపారు. "నీకూ తక్కువే. రా, ఇలా పడుకో."

పడుకున్నాను. చీర మీద ఇంకా చోటుంది, ఎవరైనా వస్తారా?