మడమలతో తొక్కిన ఒడ్డు

మొన్నటి ఎండాకాలం నాటికి మా బావ సమాధికీ తుంగభద్రకీ మధ్య ఒక మంచం పట్టేంత చోటే మిగిలింది. ఆయన్ను పూడ్చిన రోజున అక్కడ జొన్నచేను ఉండేది. చేనంతా నది తినేసింది. తర్వాత శ్మశానంలో ముందు వరుసను కూడా తిన్నది. గట్టు తెగిన చోట ఎవరిదో శవపేటిక పలక బయటికి పొడుచుకొచ్చి, నీటి తోపుకు మెల్లగా ఊగుతూ ఉండేది.

అక్క ఎమ్మిగనూరులో మగ్గం నేస్తుంది. బావది నది పక్కన పల్లె. తనను సొంత ఊళ్ళోనే పూడ్చమని ఆయనే అడిగాడు. నేనుండేది ఆదోనిలో. దయ్యాలు లేవని, దోషాలు లేవని సభల్లో వాదించడం నాకు జీవితమంతా అలవాటు. పోయినవాళ్ళకు దాహమై నదిని పిలుచుకుంటున్నారని ఆ పల్లెలో అనుకుంటున్నట్టు విని, టీ కొట్టు దగ్గరే వాదన పెట్టుకున్నాను.

"నదిని ఎవరూ పిలవలేదు. నది మోసుకొచ్చే ఇసుకే ఒడ్డుకు తిండి. ఆ ఇసుక పైన డ్యాములో ఆగిపోతోంది. ఉత్త నీళ్ళు కిందికొచ్చి మన గట్టును పీక్కు తింటున్నాయి. సముద్రం దగ్గరా ఇంతే. తీరం వెంబడి ఇసుక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఓడరేవుకు అడ్డగోడ కడితే ఒక పక్క మేట వేస్తుంది, రెండో పక్క ఒడ్డు తరిగిపోతుంది. అందుకే రేవులో తవ్విన ఇసుకను తెచ్చి, తరిగిన ఒడ్డున పోస్తారు. ఏటా పోస్తారు."

"ఏటా పోస్తారంటే, ఏటా పోతాందనే గదా సారూ" అన్నాడు బెంచీ మీది పెద్దాయన. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాటలో తప్పు లేదు.

ఊరికి ఎగువన ఎత్తిపోతల కాలువ మొదట్లో అప్పుడే పూడిక తీస్తున్నారు. తీసిన ఇసుక, బురద పక్కన బీడు నేలలో పడేస్తున్నారు. కాలువ ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, అడిగి అడిగి, దాన్ని శ్మశానం గట్టు కిందికి తోలించడానికి ఒప్పించాను. ఆ సంగతి చెప్పగానే అక్క నా ముఖంలోకి చూసింది.

"ఆడ ఎవురూ లేరంటావు గదరా. మరి ఎవురి కోసరం తోలిస్తాండావు ఇంత మన్ను?"

"నీకోసమే అక్కా" అన్నాను.

అది సగమే నిజం. నేను లేదన్న ప్రతిదాన్నీ ఉందని బావ నాతో ఏళ్ళ తరబడి వాదించాడు. ఒక్కసారీ నెగ్గలేదు. ఇప్పుడు పట్టపగలు అన్నం కలుపుకుంటుంటే, ఆయన ఎముకలు నీటి అడుగున గులకరాళ్ళతో కలిసి దొర్లుతున్నట్టు కనిపించేది. కళ్ళు మూసుకుంటే ఆ చప్పుడు కూడా వినిపించేది. వాదించి దాన్ని పంపించలేకపోయాను.

పోసిన మన్ను పొరలు పొరలుగా తొక్కాలి. తొక్కకపోతే నీళ్ళు తగలగానే కరిగిపోతుంది. అందుకే ఊరంతా రావాలన్నాను. ఊరంతా వచ్చింది, ఎమ్మిగనూరు నుంచి అక్కా వచ్చింది. ట్రాక్టర్లు గట్టు కింద పూడిక దించి పోయాయి. జనం ఒక్కొక్కరే వంగి, పిడికెడు మన్ను తీసి మూడుసార్లు వేశారు. చేతులు దులుపుకున్నారు. వెనక్కి తిరిగి చూడకుండా ఊరి దారి పట్టారు.

వాళ్ళు చేసింది ఏమిటో నాకు అర్థమయ్యేసరికి సగం మంది వెళ్ళిపోయారు. శ్మశానంలో మన్ను వేసినప్పుడు ఎప్పుడూ చేసేదే చేశారు. "ఆగండప్పా, ఇది పూడ్చడం కాదు, తొక్కాల" అని అరిచాను. ఒక్క తల తిరగలేదు. నా వెనక తడి బురద జారి నీళ్ళలో పడుతోంది. నది రంగు మారుతోంది.

అక్క ఒక్కతే ఆగింది. వెనక్కి తిరిగింది. చీర కుచ్చిళ్ళు దోపుకుని దిగి తొక్కడం మొదలుపెట్టింది. నేనూ దిగాను. మేము ఒక మూల తొక్కుతుంటే ఇంకో మూల జారిపోతోంది.

కాసేపటికి దారి మీద ఏదో కదిలింది. టీ కొట్టు పెద్దాయన మా వైపు వీపు పెట్టి, అడుగు వెనక అడుగు వేసుకుంటూ వస్తున్నాడు.

"పడతావు పెదనాయనా" అంది అక్క.

"తిరిగి సూడగూడదన్న్యారు గానీ, ఎనక్కి నడ్సగూడదని ఎవురన్న్యారమ్మా? యాడ తొక్కాల్నో నువ్వు సెప్పు, సూసే పని నీది."

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకా కొందరు. ముఖాలు ఊరి వైపు, వీపులు మా వైపు. మండుటెండలో, మాటా పలుకూ లేకుండా, సమాధుల మధ్య నుంచి అంతమంది వెనక్కి నడిచి రావడం చూశాను. నవ్వు రాలేదు. సాయంత్రం దాకా మడమలతో తొక్కారు. అక్క చెప్పింది, వాళ్ళు చూడకుండా తొక్కారు.

వరద వచ్చి తగ్గాక ఇద్దరం వెళ్ళి చూశాం. తొక్కని చోట గట్టు రెండు పక్కలా తెగిపోయింది. తొక్కినంత మేర నదిలోకి ముక్కులా నిలబడి ఉంది. దాని మీద బావ సమాధి. పోయినవాళ్ళే పట్టుకుని ఆపారని ఊళ్ళో చెప్పుకుంటున్నారు. మడమలు ఆపాయని నేను చెప్పాను.

సమాధి పక్కన నిలబడితే అరికాళ్ళ కింద, లోపలి నుంచి, ఎవరో మెల్లగా కొడుతున్నట్టు తెలిసింది. ఆగి, మళ్ళీ. నీళ్ళు అడుగున తొలుస్తున్నాయని నాకు తెలుసు. అయినా కాసేపు కదల్లేకపోయాను.

అక్క కూర్చుని నేలకు అరచెయ్యి ఆనించింది. "కింద తింటాంది గదా" అంది.

"అవును."

ఆమె చెయ్యి తియ్యలేదు. "ఎండాకాలం మళ్ళా తోలిస్తాం. ఈ తూరి అడుగున రాళ్ళెయ్యమను."