తొడిమలు తుంచుతూ నేర్పిన చదువు

మా మేనత్త పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను పోపు వేస్తున్నాను. ఎండుమిరపకాయలు మాడి ఇల్లంతా ఘాటు కమ్మింది. కళ్లలో నీళ్లు ఆ ఘాటుకొచ్చాయో, ఏడుపుకొచ్చాయో తెలియలేదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. దర్శి దగ్గర పొలాల్లో మా ఇల్లు. బడి ఊరికి ఆ చివర. వానపడితే మా నల్లరేగడి మంచి కాళ్లనే పట్టుకుని వదలదు, ఇక నేనెలా వెళ్లేది? ఎనభైల మొదట్లో సంగతి. భర్త పోయి పుట్టింటికి వచ్చేసిన అత్త, నన్ను మిరపకాయల కళ్లంలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. "కాలు నడవకపోతే ఏమే, నోరు నడవదా?" అనేది.

అదే నా బడి. మధ్యాహ్నపు మగతలో, చుట్టూ ఆరబోసిన ఎరుపులో తేలుతున్నట్టుండేది. ఇద్దరం కాయల తొడిమలు తుంచేవాళ్లం. తొడిమ చిటుక్కుమంటే ఎక్కంలో ఒక మెట్టు. ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు. తప్పు చెబితే తిట్టేది కాదు, "తాలు" అనేది. రంగు పోయిన కాయను అలా అంటారు, ఏరి పక్కన పడేస్తారు.

ఆరో తరగతిలో చేర్చడానికి దర్శి తీసుకెళ్లింది. హైస్కూలు ఎదురుగానే పిన్ని ఇల్లు, అక్కడుండి చదవాలని. హెడ్మాస్టరుగారు టీసీ అడిగారు.

"ఇంట్లో చదివిందండి. బడికే వెళ్లని పిల్లకి బడి మానిన కాగితం ఎక్కణ్ణుంచి తెచ్చేదండీ?" అంది అత్త.

ఆయన నవ్వారు. "ఇంటి చదువుకీ రూలుందమ్మా. పుట్టినతేదీ రాసి తండ్రి సంతకం పెట్టాలి. నేను పరీక్ష పెడతాను. తప్పిందంటే మీ ఊళ్లో ఒకటో తరగతి నుంచీ మొదలెట్టాల్సిందే."

చేర్పించే కాగితం మీద సంతకం ముందే పెట్టించి తెచ్చాం. "ఇది కుదరకపోతే ఇక చదువు మాట ఎత్తొద్దు" అని చెప్పే పెట్టాడు నాన్న.

పదమూడో ఎక్కం అడిగారు. నోరు తెరిచాను గానీ వేళ్లు తొడిమ కోసం వెతుక్కున్నాయి. ఒట్టి చేతులతో నేనెన్నడూ పాఠం చెప్పలేదు మరి! అత్త నా చేతులకేసి చూసింది. పిన్నికని తెచ్చిన సంచి విప్పి, గుప్పెడు ఎండుమిరపకాయలు నా ఒళ్లో పోసింది.

"ఏంటమ్మా ఇది?" అంటూ హెడ్మాస్టరుగారు తుమ్మారు.

"దాని పలక ఇదేనండి."

తొడిమ చిటుక్కుమంది. పదమూడు ఒకట్ల పదమూడు. ఆయన చాలనేదాకా ఆగలేదు. ముక్కు తుడుచుకుంటూనే నన్ను చేర్చుకున్నారు.

ఇవాళ గుంటూరులో పిల్లలకు లెక్కలు చెబుతున్నానంటే అదంతా అత్త చలవే.

పోయిన నెల అత్తను చూడ్డానికి వెళితే నన్ను గుర్తుపట్టలేదు. వేళ్లు మాత్రం దుప్పటి మీద దేన్నో తుంచుతున్నాయి. వంటింట్లోంచి గుప్పెడు కాయలు తెచ్చి ఆమె ఒళ్లో పోశాను. కళ్లు మూసుకుని ఒక తొడిమ తుంచి, ఆగింది. పదమూడు ఒకట్ల అని అందుకున్నాను. నాలుగో మెట్టు దగ్గర ఆమె వేళ్లనే చూస్తూ తప్పాను.

"తాలు" అంది అత్త కళ్లు తెరవకుండానే. ఇంకో కాయ అందుకుని, నా కోసం ఆగింది.