గూడూరులో దిగలేదు

డెబ్బైలలో మాట. నా భార్య దవడకు వచ్చింది అరుదైన రకం క్యాన్సరనీ, తన వల్ల కాదనీ చెప్పి బెజవాడ డాక్టరు మద్రాసు ఆస్పత్రికి రాసిచ్చాడు. రైల్లో ఎదురుసీటావిడ అడిగితే మాత్రం "తిరుపతి మొక్కండీ" అన్నాను. భర్తతో వేళాంగణి వెళుతున్నానంది ఆవిడ.

గూడూరు రాగానే ఆవిడే మా పెట్టె బయటికి లాగింది. "లేవండీ, తిరుపతికి ఇక్కడే మారాలి." నేను కదల్లేదు. నా భార్య దవడ మీది కొంగు ఇంకా బిగించుకుంది.

బండి కదిలాక ఆవిడ పెట్టెను మళ్ళీ సీటు కిందికి నెట్టింది. తన భర్త మెడకున్న మఫ్లరు విప్పింది. చెవి కింద నిమ్మకాయంత గడ్డ.

"మాకూ మద్రాసుకే రాశారండీ," అంది.

నా భార్య కొంగు తీసేసి కిటికీ గాలికి మొహం పెట్టింది. బయల్దేరేటప్పుడు కప్పుకోమన్నది నేనే.