లైను తెగినప్పుడు ఏం చేయాలో నేర్పిన మేడం

మా మేడం మొన్న సోమవారం పొద్దున కన్నుమూశారు. చాయ్ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారని వాళ్ల తమ్ముడు ఫోన్ చేసి చెప్పాడు. "ఏం కష్టపడలేదమ్మా, అక్క అల్కగ పోయింది" అన్నాడు. ఆ మాటతోనే కొంచెం తేరుకున్నాను.

రాయచూరు బజార్లో వాళ్లది బట్టల దుకాణం. పై అంతస్తులో కంప్యూటర్లు పెట్టుకుని మేడం వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసిచ్చేవారు. నేను ప్రోగ్రాం రాయడం నేర్చుకుంది అక్కడే. కింద గిరాకీతో కన్నడం, పైన మాతో తెలుగు. కరెంటు పోతే మాత్రం తిట్లన్నీ ఉర్దూలోనే.

దేవదుర్గ నుంచి బెంగళూరు పోయే ఒక ప్రైవేటు బస్సుకు సీట్ల బుకింగ్ మేమే చేశాం. ఎక్కేది ఎక్కువగా పనులకు వలసపోయేవాళ్లు. ఒక సాయంత్రం డ్రైవర్ ఫోన్ చేశాడు.

"మేడం, ఒకామె పిల్లనెత్తుకొని కింద నిలబడ్డది. మొగుడు ఎక్కిండు. ఈమెకు సీటు దొరకలేదట. ఫోన్ల నిండినట్టే చూపిస్తున్నది, బస్సుల చూస్తే ఖాళీగున్నది."

"ముందుగాల ఆమెను కూసోబెట్టు. తప్పు మాది" అన్నారు మేడం.

ఎవరో ఆ సీటు ఎంచుకున్నారు, సిగ్నల్ పోయి మధ్యలోనే ఆగిపోయారు. మనిషి ఇంకా ఉన్నాడనుకుని మా ప్రోగ్రాం సీటును పట్టుకునే కూర్చుంది.

మర్నాడు మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారు. "బుకింగ్ మొదలుగాక ముందే, అంటే పైసలు కట్టక ముందే, మనిషి పోయిండా, సీటు వదిలెయ్. మొదలైనంక పోయిండా, నువ్వు ఆగకు. ఆయన లేకున్నా పని ముగించి, అంతా సర్ది బయటికి రా." అట్లాగే రాశాం. ప్రోగ్రాం మధ్యలో ఆగినా, చివర్న ఒక ముగింపు భాగం నడిచి పట్టుకున్నవన్నీ వదిలేస్తుంది.

నేను మురిసిపోతుంటే, "మరి సర్వరే పడిపోతే? ఆ ముగింపు గూడ నడవదు గదనే" అన్నారు. అందుకని విడిగా ఇంకో చిన్న ప్రోగ్రాం పెట్టించారు. అది కాసేపటికోసారి లేచి, మనిషి లేకుండా చిక్కుకున్న సీట్లను వెతికి విడిపిస్తుంది. "ఎంత మంచిగ రాసినా, ఎనకాల ఊడ్చెటోళ్లు ఒకరుండాలె" అనేవారు. అది ఈ రోజుకూ నడుస్తోంది.

ఆఫీసులో పరీక్షించి చూపిస్తే మేడం ఒప్పుకోలేదు. "ఈడ తీగ పీకితే ఏం తెలుస్తది? నడు" అని నా స్కూటీ వెనక ఎక్కారు. యాపలదిన్ని దిక్కు, సిగ్నల్ వచ్చీపోయే చోట ఆపించారు. నా ఫోన్ సిమ్ వేరే కంపెనీది, అది పని చేస్తోంది. నన్ను రోడ్డు మీదే నిలబెట్టి, తన ఫోన్లో ఒక సీటు ఎంచుకుని, సిగ్నల్ పోయేదాకా పత్తిచేన్లోకి నడుచుకుంటూ పోయారు. నా ఫోన్లో ఆ సీటు ఎర్రగా ఉంది. చూస్తుండగానే పచ్చగా మారింది.

"వదిలింది మేడం!" అని అరిచాను.

తెల్లగా విచ్చుకున్న పత్తి మధ్య, కొంగు నడుముకు చెక్కుకుని, ఫోన్ పైకెత్తి పట్టుకుని మేడం వెనక్కి తిరిగారు. "ఇంకోసారి చూద్దామా?" అని నవ్వుతూ ఇంకా లోపలికి నడిచిపోయారు.