చీటీ చూసి సంతకం పెట్టిన కట్ట

రేపటికి నాకు నేనే ఏదో ఒకటి సర్దిచెప్పుకుంటాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఈ రోజు మా రికార్డు గదికి వడమాలపేట నుంచి మునెమ్మ అనే ముసలామె వచ్చింది. ఆమె సాగుచేసుకుంటున్న ఎకరం పొలం తనదని మరిది కొడుకు కేసు వేశాడు. సోమవారం వాయిదా. ఊరి పొలాల సాగు లెక్క రాసే అడంగల్‌లో, చనిపోయిన భర్త పేరున్న పాత నకలు ఒక్కటే ఆమెకు ఆధారం. దానికోసమే వచ్చింది.

"జిల్లా విడిపోయినప్పుడే మీ ఊరి కాగితాల కట్ట తిరుపతికి పంపేసినాం అవ్వా," అన్నాను.

"ఆడ కట్ట ఇప్పి సూపించినారు పాపా. పైన చీటీలో మా ఊరి పేరే ఉండాది. లోపలంతా బంగారుపాళ్యం కాగితాలు. మా ఊరివి యాడికి పోయినాయి?"

చీటీలు తారుమారయ్యాయేమోనని మా దగ్గరున్న బంగారుపాళ్యం కట్ట విప్పాను. అందులో ఇంకేదో ఊరు. సాయంత్రం దాకా విప్పుతూనే ఉన్నాను, వడమాలపేట కనబడలేదు. చివరికి అప్పటి పంపకాల జాబితా తీశాను. కట్టలు విప్పకుండా, చీటీలు మాత్రం చూసి, అన్నీ సరిగ్గా ఉన్నాయని సంతకం చేసింది నేనే. ఆ మాట మునెమ్మకు చెప్పేశాను.

"సదువుకున్న దానివి గదా, ఇప్పి సూడొద్దా?" అంది, తిట్టకుండానే.

మా ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటిదాన్ని నేను. ఆ సంతకాన్ని మా నాయన ఊరంతా చూపించుకున్నాడు. ఈ సంగతి ఆయనకింకా చెప్పలేదు.

రెండు జిల్లాల రికార్డు గదుల్లో పనిచేసేవాళ్లకు ఒక మనవి. చీటీ నమ్మకుండా మీ కట్టలు విప్పి చూడండి. వడమాలపేట అడంగల్ కనబడినా, కనబడకపోయినా, శుక్రవారం సాయంత్రంలోగా ఈ గ్రూపులోనే జవాబు రాయండి.