గుహబండి దిగిన కొండత్త

మొన్న వేసవిలో మా మనవలిద్దరూ పట్టుబట్టి నన్నొక ఆటల పార్కుకి తీసుకువెళ్లారు. మోకాళ్లు సహకరించవురా అంటే, నడవక్కర్లేదు మామ్మా, పడవలో కూర్చుంటే అదే తిప్పి తీసుకొస్తుంది అన్నారు. గుమ్మంలోనే ఏ దేశం సినిమాల్లోంచో దిగిన వీరులు నిలువెత్తు బొమ్మలై చేతులూపుతున్నారు. మా చిన్నవాడు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించాడు. నాకు ఒక్కరూ తెలియలేదు, అయినా అందులో తప్పు పట్టడానికేముంది, పిల్లల లోకం పిల్లలది. నా ఒళ్లు మండింది అక్కడ కాదు. పడవ ఒక మలుపు తిరిగేసరికి ‘నరభక్షకుల దీవి’ అని బోర్డు కనిపించింది. నల్లగా నిగనిగలాడే రబ్బరు మనుషులు, మెళ్లో ఎముకలు, చేతిలో బల్లేలు, పక్కన పొగలు కక్కే పెద్ద కాగు. మైకులో ఒక గొంతు, జాగ్రత్త పిల్లలూ, వీళ్లకి ఆకలి వేస్తోంది అని నవ్వుతోంది. మా మనవలు కేరింతలు కొట్టారు. నేను మాత్రం పడవ దిగగానే అక్కడి మేనేజరుని వెతికి పట్టుకుని, ఏం బాబూ, ఎవరివయ్యా ఈ బొమ్మలు, ఎవర్ని చూసి చేశారు అని అడిగాను. అతను చాలా మర్యాదగా, థీమ్ మొత్తం బయటినుంచి అలాగే వస్తుంది మేడమ్, మేం ఏమీ మార్చకూడదు అన్నాడు. మావాళ్లు సిగ్గుపడిపోయి నన్ను కారెక్కించారు. నా ఈడువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి చెప్పుకుందామని ఇలా కూర్చున్నాను, ఎందుకంటే అలాంటి బొమ్మని నా చేతులతో నేనే ఒకసారి కుట్టాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. అరవైల చివరి మాట. సాలూరులో ఆడపిల్లల బడిలో కుట్టు పంతులమ్మగా చేరి ఏడాది అయింది. అప్పటికే సాలూరంటే లారీలు. ఏ వీధిలో చూసినా లారీలకి చెక్క బాడీలు కట్టేవాళ్లూ, వాటి మీద తామరపూలూ పులులూ వేసే పెయింటర్లూ, టార్పాలిన్లు కుట్టేవాళ్లూను. మాకు ఊరి బయట కొంచెం వరి, మెట్టలో చోళ్లు, అంటే రాగులు, పండేవి. మా పెదనాన్న ఊళ్లో పెద్దమనిషి, అమ్మవారి జాతర సంబరం కమిటీలో ఆయన మాటకి ఎదురుండేది కాదు.

సంబరానికి ప్రతి ఏడూ ఒక ఆటల కంపెనీ వచ్చేది. రంగులరాట్నం, మోటారు సైకిలు గిరగిరా తిరిగే మృత్యుకూపం, లావుగా పొట్టిగా చూపించే అద్దాలు, అన్నిటికన్నా ముఖ్యం గుహబండి. నాలుగు ఇనప తోపుడు బళ్లని గొలుసులతో కలిపి, చిన్న పట్టాల మీద, టార్పాలిన్లు కప్పిన చీకటి గుహలోకి ఇద్దరు మనుషులు వెనకనుంచి తోసేవారు. లోపల ప్రతి ఏడూ యమలోకమే. రంపాలు, నూనె కాగులు, నాలుకలు సాగదీసిన పాపులు, చివర్లో దున్నపోతు మీద యముడు. భయపడాలంటే అందరం సమానంగా భయపడేవాళ్లం. అబద్ధమాడినవాడు, తూకంలో మోసం చేసినవాడు, అత్తని తిట్టిన కోడలు, ఎవరి పాపం వాళ్లకి గుర్తొచ్చేది. ఆ పాపులది ఫలానా ఊరని ఎవరూ అనుకోలేదు.

ఆ ఏడు మాత్రం కంపెనీ యజమాని మా పెదనాన్న దగ్గరికి వచ్చి, యముడికి జనం రావడం లేదండీ, ఇప్పుడంతా అడవి సినిమాల మోజు, గుహలో అడవి పెట్టేద్దాం అన్నాడట. పెదనాన్నకి ఆ మాట బాగా నచ్చింది. చెట్లూ పులులూ లారీ పెయింటరు వేస్తాడు, మనుషుల బొమ్మలు కుట్టడానికి మన పిల్ల ఉంది కదా అని నా పేరు చెప్పేశారు. నాకు ఎంత గర్వమైపోయిందో దాచడమెందుకు, బడికి సెలవులు కూడానూ. ఏం బొమ్మలండీ అని అడిగితే యజమాని, అడవిలో కొండవాళ్ల బతుకు తల్లీ, అయిదు బొమ్మలు, అచ్చం వాళ్లలాగే ఉండాలి అన్నాడు. నేను నమ్మాను.

నమ్మడానికి కారణం మా కొండత్త. ఆవిడది సాలూరు పైన కొండ మీది ఊరు. వారం వారం సంతకి విస్తళ్లు కుట్టే అడ్డాకులు, చింతపండు, పసుపు తట్టలో పెట్టుకుని దిగేది, సంతకన్నా ముందు మా అరుగు మీద కూర్చునేది. మా అమ్మ చోడి అంబలి ఇస్తే తాగి, కాసేపు ఆకులు కుట్టి, కబుర్లు చెప్పి వెళ్లేది. నేను పుట్టకముందునుంచీ వస్తోందట. అత్తా అని పిలవడం మాకు ఎవరు నేర్పారో తెలియదు, ఆవిడ మాత్రం నన్ను కోడలా అనే పిలిచేది. మెడనిండా ఎర్రవీ పసుపువీ పూసల దండలు ఉండేవి, వాటిలో మూడు పేటలది వాళ్లమ్మ మెడలోనిది. దాన్ని ఆవిడ తీసి పక్కన పెట్టగా నేనెప్పుడూ చూడలేదు.

బొమ్మల సంగతి చెప్పి, మీ ఊరి బొమ్మ పెడుతున్నాం అత్తా, చోళ్లు దంచే ఆడమనిషి, నీలాగే ఉండాలి, ఒక చీరా ఆ దండా పది రోజులు ఇస్తావా అని అడిగాను. పడీ పడీ నవ్వింది. “ఓలమ్మ, నా పూసలు కంపెనీలో కూకుంటాయేటే?” అంది. ఆ వారం ఇవ్వలేదు. పై వారం మోకాళ్ల దాకా కట్టే ముతక చీర ఒకటి, దానిలో మూటకట్టి ఆ మూడు పేటల దండా తెచ్చి నా చేతిలో పెట్టింది. “మాయమ్మది. జాగర్త సుమీ” అని ఒక్క మాట అంది.

వెదురుబద్దలకి గడ్డి చుట్టి, పైన గుడ్డ కుట్టి అయిదు బొమ్మలూ చేశాను. దంచే ఆడమనిషి, గొడ్డలి భుజాన వేసుకున్న మగమనిషి, డప్పు వాయించే ముసలాయన, ఇద్దరు పిల్లలు. ఆడబొమ్మకి పూసలు వేసి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. యజమాని మనుషులు బండిలో వేసుకుని పట్టుకుపోయారు. మళ్లీ నేను వాటిని చూసింది సంబరం మొదలైన రోజు పొద్దున్న, పెదనాన్న నన్ను అందరికన్నా ముందు చూడమని గుహలోకి తీసుకువెళ్లినప్పుడు.

ఆడబొమ్మ ముఖానికి మసి పూశారు. నోట్లో పందికోరల్లాంటి కోరలు, ఎర్రగుడ్డ నాలుక. రోకలి తీసేసి చేతికి మనిషి పుర్రె ఇచ్చారు. గొడ్డలి పట్టుకున్నవాడి ఎదురుగా కాగు, కాగులో టోపీ పెట్టుకున్న దొర బొమ్మ, కింద ఎర్రకాగితం వెనక బల్బు. పిల్లల బొమ్మల చేతుల్లో ఎముకలు. ఈ ఘోరం మధ్య కొండత్త వాళ్లమ్మ పూసలు మాత్రం నేను వేసినవి వేసినట్టే మెరుస్తున్నాయి.

ఇదేమిటండీ, కొండవాళ్లు ఇలా ఉంటారా అని యజమానిని అడిగాను. సినిమాలో ఇలాగే ఉంటారమ్మా, జనానికి భయం కావాలి, చోళ్లు దంచుతుంటే ఎవడు చూస్తాడు అన్నాడు. పెదనాన్న నవ్వి, ఊరుకోవే, బొమ్మలేగా అన్నారు. పోనీ పూసలైనా తీసిచ్చేయండి అంటే, అవే కదా అసలు అందం, సంబరం అయ్యాక తీసుకో అన్నారు. నేను గట్టిగా అరిచి ఉండాల్సింది. అక్కడే లాగేసుకుని ఉండాల్సింది. పెద్దల ముందు నోరెత్తే అలవాటు లేక ఇంటికి వచ్చేశాను. కొండత్త సంత రోజుకి గానీ దిగదు, ఈలోగా ఎలాగో తెచ్చేస్తానని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఇప్పటికీ నా మీద నాకున్న కోపం ఇదే.

ఆవిడ సంత రోజు దాకా ఆగలేదు. మూడోరోజు మధ్యాహ్నం నేను మా బడి పిల్లలతో రంగులరాట్నం దగ్గర ఉండగా గుహబండి వరుసలో కనిపించింది. పక్కన ఆవిడ పెనిమిటి, ఆడపడుచు, ఆడపడుచు పిల్లలిద్దరు. కొండ దిగడమంటే పొద్దు పొడుపుతో బయల్దేరాలి. మా ఊరి బొమ్మ పెట్టారని చెప్పి అందర్నీ నడిపించుకుని వచ్చింది. ఆ రోజుకని తలకి నూనె రాసి, పూలు పెట్టుకుంది. మెడలో ఆ మూడు పేటలు లేని చోటు నాకు అంత దూరానికీ తెలిసింది. పరుగెత్తి వెళ్లి, వద్దత్తా, ఎక్కకండి అని ఉంటే సరిపోయేది. నేను ఏం చేశానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. టార్పాలిన్ చాటుకి తప్పుకున్నాను.

బండి లోపలికి వెళ్లింది. ఎప్పటిలాగే కేకలు వినిపించాయి. తిరిగి వచ్చేసరికి ఆఖరి పెట్టెలో కొండత్త లేదు. పెనిమిటి తల వంచుకుని దిగాడు. పిల్లలు ఆడపడుచు కొంగు పట్టుకుని ఏడుస్తున్నారు. తోసేవాళ్లలో ఒకడు, ఎవరో ముసల్ది బండాపించి లోపలే దిగిపోయిందండీ అంటున్నాడు. వాడి మాట ఎవరూ పట్టించుకోలేదు. వరుస పెద్దది కదా, తరవాతివాళ్లని ఎక్కించి బండి మళ్లీ వదిలేశారు. నేను పక్కనుంచి దాన్ని దాటుకుని చీకట్లోకి పరుగెత్తాను.

కొండత్త ఆ ఆడబొమ్మ ఎదుట నిలబడి, దాని మెడలోంచి దండ చిక్కు విడదీస్తోంది. ఎర్రబల్బు వెలుగు ఆవిడ ముఖం మీద పడుతోంది. సరిగ్గా అప్పుడే బండి అక్కడికి వచ్చింది. అందులో ఉన్నవాళ్లంతా మా వీధి పిల్లలు, వాళ్ల తల్లులు. ఆవిడ తల తిప్పి చూసేసరికి, బొమ్మ కదిలింది, బొమ్మ కదిలింది అని అందరూ ఒక్కసారిగా కెవ్వుమన్నారు. ఒకడు చేతిలోని మరమరాల పొట్లం ఆవిడ మీదకి విసిరాడు. రోజూ ఆవిడ తెచ్చిన ఆకుల్లోనే అన్నం తినే ఇళ్లవాళ్లు వాళ్లు. బండి వెళ్లిపోయింది. మరమరాలు ఆవిడ తల్లో పూల మీద పడి ఉన్నాయి. దులుపుకోలేదు కూడా.

నన్ను చూసింది.

“ఏటే కోడలా, మావు మనుషుల్ని తింతామా? మీ యింటికాడ ఇన్నేళ్లు నాను తిన్నది మీయమ్మ పోసిన అంబలి కాదేటి?”

నాకు తెలీదత్తా, వీళ్లు మార్చేశారు అన్నాను.

“తెలీకపోతే మరెందుకు దాక్కున్నావు? నాను సూడలేదనుకున్నావేటి?”

అంతే. దండ గుప్పిట్లో పెట్టుకుని, చీర ఆ బొమ్మకే వదిలేసి, పట్టాల మీదుగా నడుచుకుంటూ వెలుతురులోకి వెళ్లిపోయింది. నేను వెనక వెళ్లలేదు, వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఇంటికి పోయి నా కుట్టుపని కత్తెర తెచ్చాను. తోసేవాళ్లు వద్దంటున్నా వినకుండా లోపలికి వెళ్లి, అయిదు బొమ్మల కుట్లూ నేను వేసినవి నేనే విప్పేశాను. కోరలు పీకేశాను. గడ్డి గుట్టగా పడింది. యజమాని గగ్గోలు పెడితే పెదనాన్న పరుగున వచ్చి, నలుగురిలో నా పరువు తీశావు కదే అని చెయ్యెత్తారు. ఎవరు చెప్పారో మా అమ్మ అప్పటికే అక్కడికి వచ్చింది. బావగారి ముందు తలెత్తి మాట్లాడగా మా అమ్మని నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు మాత్రం మా ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడి, “మనింటి అరుగు మీద కూకున్న మనిషండి బావగారూ. పరువు పోయింది ఆవిడిది, మీది కాదు” అంది. ఆయన ఎత్తిన చెయ్యి దించేశారు.

దీంతో ఏదో జరిగిపోయిందని అనుకోకండి. మర్నాటికల్లా యజమాని గోనెగుడ్డలతో కొత్త బొమ్మలు చేయించుకున్నాడు. నిన్న నిజం నరభక్షకి గుహలోకొచ్చిందని మైకులో చెప్పించాడు. వరుస రెండింతలైంది. అదే నాకు అన్నిటికన్నా మంట పుట్టించింది. ఆవిడ కోపాన్ని కూడా ఆటకి వాడుకున్నారు. పెదనాన్న ఏడాది పాటు మా గడప తొక్కలేదు.

కొండత్త కూడా రాలేదు. ఆకులు ఆడపడుచు తెచ్చి గుమ్మంలో పడేసి, కూర్చోకుండానే వెళ్లిపోయేది. వానలు తగ్గాక నేనూ అమ్మా బస్సు దిగి, కొండెక్కి వాళ్లింటికి వెళ్లాం. మమ్మల్ని చూసి లోపలికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. చాప వేసి, రెండు గిన్నెల్లో అంబలి పోసి ముందు పెట్టింది. తప్పయిపోయిందత్తా, ఏదో సినిమాలో చూసి అలా మార్చేశారు అని నేను ఏడుస్తుంటే చాలాసేపు చేటలో చోళ్లు చెరుగుతూనే ఉంది. చివరికి, “ఆ సినిమావోడు ఒక్కసారైనా కొండెక్కి సూసినాడేటే?” అంది. లేదన్నాను. “నువ్వు ఎక్కినావు. తాగు, సల్లారిపోతాది” అంది. ఆ తరవాత మళ్లీ మా అరుగు మీదకి వచ్చింది గానీ, కోడలా అన్న పిలుపు మునుపటంత తరచుగా వినబడలేదు. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు పార్కు బొమ్మకి కుట్లు లేవు, విప్పడానికి. ఎక్కడో అచ్చులో పోసి, పెట్టెల్లో దిగుమతి చేస్తారు. ఎవరి ఇంటికి వెళ్లి అడగాలో తెలియదు. అయినా ఇంటికొచ్చాక నన్ను నిద్రపోనివ్వనిది అది కాదు. ఆ పడవలో మాకు బెల్టులు పెట్టి, మాతోపాటే తిరిగిన అమ్మాయి యాస విని, ఏ ఊరు తల్లీ అని అడిగాను. సాలూరు పైన కొండ మీది ఊరి పేరే చెప్పింది, డిగ్రీ చదివిందట, వచ్చి ఆరు నెలలైందట. చదువుకుని, జీతం తెచ్చుకుంటోందని ఎంతో సంతోషించాను. పడవ ఆ మలుపు దాటి తిరిగి వస్తున్నప్పుడు మెల్లగా, ఆ బొమ్మల్ని చూస్తే నీకేమీ అనిపించదా అన్నాను. పక్కవాళ్లకి వినబడకుండా, “మొదట్లో అటేపు సూసీదాన్ని కాదు మామ్మా, ఇప్పుడు అలవాటైపోనాది” అంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ పడవ అదే మలుపు తిరుగుతుంది, ఆ అమ్మాయి నవ్వుతూ నిలబడాలి. కొండత్తకి చదువు లేదు, జీతం లేదు, కానీ బండాపించి దిగిపోయింది. ఈ పిల్లకి అవన్నీ వచ్చాయి, దిగే వీలు మాత్రం లేకుండా పోయింది.