గేరుబాక్సుకు జ్వరం

బండి చెడిపోతే జనం మెకానిక్‌ను తిడతారు, రోడ్డును తిడతారు, అమ్మినవాణ్ణి తిడతారు. బాగుపడ్డ బండిని భక్తితో చెడగొట్టిన మహానుభావుణ్ణి మాత్రం మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూడండి. నేనే.

మా బాపు దుబాయ్‌లో తాపీపని చేసి వచ్చి కరీంనగర్‌లో ఒక పాత టిప్పర్ కొన్నాడు. గేర్లు దానంతట అదే మార్చుకునే రకం. డ్రైవర్‌ను నేనే. ఆ సీట్లో కూర్చుంటే నాకు కలెక్టరు కారు కూడా బొమ్మకారులా కనిపించేది. అంతలోనే రోగం మొదలైంది. గేరుబాక్సు కాలిపోతోందంటూ ఎర్రలైటు వెలుగుతుంది, పై గేరు పడనంటుంది. సైకిళ్లవాళ్లు జాలిగా చూస్తూ మమ్మల్ని దాటి పోయేవారు.

"రేపు పొద్దుగాల గ్రానైట్ క్వారీ సేటు బండి చూస్తనన్నడు," అన్నాడు బాపు. "లోడుతోని ఎత్తు ఎక్కితే పనికి పెట్టుకుంటడు. మళ్ల గా లైటు వెలిగిందనుకో, బండి అమ్ముత. నువ్వు మీ మేనమామ తాన దుబాయ్ పో."

"నాకు డ్రైవింగ్ తప్ప ఏం రాదు బాపూ!"

"గది సుత రాదనే గా లైటు చెప్తాంది."

నాకు దుబాయ్ మీద కోపమేమీ లేదు. కానీ స్టీరింగు వదలాలంటే ప్రాణం పోయినంత పనైంది. వెంటనే బండి దగ్గరికి పోయి తాళం తిప్పాను. రాత్రంతా నిలబడి ఉన్న బండి, ఇంజను ఇంకా స్టార్ట్ కూడా చేయలేదు. అయినా ఎర్రలైటు! కిందికి దూరి గేరుబాక్సు మీద చెయ్యి పెడితే మట్టికుండలా చల్లగా ఉంది. ఆనందంతో ఎగిరాను. బండి కింద ఉన్న సంగతి మరిచి ఎగిరినందుకు నెత్తి బొప్పి కట్టింది, అది వేరే విషయం.

"బాపూ! జ్వరం లేదు! థర్మామీటరే అబద్ధం చెప్తాంది!"

వేడిని కొలిచే ఆ సెన్సారును ఊడదీసి, మొహం మీద కారిన ఆయిల్ తుడుచుకోకుండానే ఖాజా భాయ్ స్పేర్ పార్టుల దుకాణానికి పరుగెత్తాను. ఆయన అప్పుడే చాయ్ తెప్పించుకున్నాడు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టు నాకు ఆయన మల్టీమీటరు దొరికింది. సెన్సారును దానికి తగిలించాను. వేడి తగిలితే మీటరులో అంకె మారాలి. మరి వేడి ఎక్కడుంది? చాయ్‌లో ఉంది. ముంచాను.

"అరె భాయ్! అది నా చాయ్!"

"జర ఆగు! అంకె కదుల్తలేదు చూడు. సెన్సార్ ఖరాబ్!"

"నా చాయ్ సుత ఖరాబ్!"

"ఫికర్ జెయ్యకు, కొత్త సెన్సార్ తియ్యి."

దాన్నీ అదే చాయ్‌లో ముంచాను. అంకె జరజరా దిగింది! నేను దుకాణంలోనే గంతులేశాను. ఖాజా భాయ్ మాత్రం గ్లాసులో తేలుతున్న ఆయిల్‌ను చూస్తూ కూర్చున్నాడు.

కొత్తది బిగించగానే లైటు ఆరిపోయింది. కథ ఇక్కడ ఆగి ఉంటే ఈపాటికి ఊళ్లో నాకు సన్మానం జరిగేది. సాయంత్రం బాపు సంతోషంగా, "బండికి ఒక కొబ్బరికాయ కొట్టురా," అన్నాడు.

అందరూ టైరు ముందు కొడతారు. కానీ టైరుకేం రోగం? రోగం వచ్చింది సెన్సారుకు కదా! కాయ కొట్టి, చిప్ప పట్టుకొని బండి కిందికి దూరాను. సెన్సారు ప్లగ్గు ఊడదీసి, తీర్థం లోపలిదాకా పోయేలా పోసి, కళ్లకద్దుకొని మళ్లీ బిగించాను. పైనున్న దేవుడు వద్దురా అని మొత్తుకునే ఉంటాడు, నాకే వినపడలేదు.

మర్నాడు క్వారీలో బండ మీద బండ వేసి లోడు నింపారు. సేటు గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. ఎత్తు సగం ఎక్కామో లేదో, ఎర్రలైటు! బండి మూలుగుతూ నిలబడిపోయింది.

"దుబాయ్‌ల చలికాలం మంచిగుంటదిరా," అన్నాడు పక్కసీట్లోంచి బాపు.

నాకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపంతా ఫోన్లో ఖాజా భాయ్ మీద కక్కాను. "నకిలీ మాల్ ఇచ్చినవ్!"

"నీ కండ్ల ముంగటనే చాయ్‌ల పాస్ అయింది గద భాయ్!"

ఈలోగా బండి కిందికి వంగిన బాపు కేకేశాడు. "ఒరేయ్, గీ చీమలు ఏందిరా?"

తీగ వెంబడి చీమలు. వేములవాడ రాజన్న దర్శనానికి నిలబడ్డట్టు బారులు తీరి, నేరుగా సెన్సారు ప్లగ్గులోకి పోతున్నాయి.

"దీనికి జ్వరం కాదురా, షుగర్ ఉన్నట్టున్నది," అన్నాడు బాపు.

చేసిన పాపం చెప్తే పోతుందంటారు. నేను చేసిన పుణ్యం ప్లగ్గు ఊడదీస్తే బయటపడింది, చుక్కలు చుక్కలుగా.

"గా నీళ్లేంది?" అడిగాడు దిగి వచ్చిన సేటు.

"కొబ్బరినీళ్లు... నిన్న పూజ చేసిన... లోపట."

ఎత్తులో కుదుపులకు లోపలికి దిగిన ఆ తడికే సెన్సారు తప్పు లెక్క చెప్పి, బాగానే ఉన్న గేరుబాక్సును కాలుతోందని చూపించింది. గుడ్డతో తుడిచి, బుగ్గలు నొప్పి పుట్టేదాకా ఊది, ఆరబెట్టి బిగించాను. లైటు ఆరింది! బండి లోడుతో సహా ఎత్తు ఎక్కేసింది! నేను కిటికీలోంచి తల బయటపెట్టి పెళ్లి ఊరేగింపులా కేకలేశాను.

సేటు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "బండి పక్కా. డ్రైవర్ సుత పక్కా. ఒక్కటే షరతు. దసరాకు మా బండ్లన్నిటికి పూజ చేస్తం. గా దినం గీ పిలగాడు క్వారీ గేటు లోపటికి రావద్దు!"

నేను నోరు తెరిచేలోగానే బాపు, "ఒప్పుకున్నం," అనేశాడు.

అందుచేత స్టీరింగు మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. నా కంఠంలో ప్రాణముండగా ఏ బండికీ కొబ్బరినీళ్లు తాగించను. కాయ ఎవరు కొట్టినా సరే, నీళ్లు నేనే తాగేస్తాను.